బాత్‌లు నింపిన కార్డు, డాలర్ల నోట్లు: థాయ్‌లాండ్‌లో ఏడు రోజుల ఖర్చు లెక్క

2024 నవంబరులో మేము నలుగురం, అంటే నేను, మా శ్రీమతి, ఇద్దరు పిల్లలు, హైదరాబాదు నుంచి బ్యాంకాక్‌కూ అక్కడి నుంచి సముద్రతీరపు క్రాబికీ వెళ్ళి ఏడు రోజులు గడిపి వచ్చాం. విమాన టికెట్లు ముందే కొనుక్కున్నాం కాబట్టి, అక్కడ దిగిన తరువాత అయ్యే బస, తిండి, తిరుగుడు, కొనుగోళ్ళ ఖర్చుల కోసం ఒక ప్రైవేటు బ్యాంకు వారి ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డు, అంటే థాయ్ కరెన్సీ అయిన బాత్‌ల వంటి విదేశీ డబ్బు ముందే నింపుకుని అక్కడ గీకే కార్డు, తీసుకున్నాను. ఈ సమీక్ష ఆ కార్డు గురించే. బ్యాంకు పేరు మాత్రం రాయడం లేదు. నేను ఎదుర్కొన్న ఇబ్బందుల్లో కొన్ని ఆ బ్యాంకు శాఖవి, కొన్ని నా తొందరపాటువి, మిగిలినవి ఈ రకం కార్డుల స్వభావంలోనే ఉన్నవి.

ముందుగా తీర్పు చెప్పేస్తాను. దుకాణంలోనూ హోటల్లోనూ గీకిన ప్రతిచోటా కార్డు పనిచేసింది. రూపాయి విలువ మారినా మారకపోయినా నా చేతిలో ఎన్ని బాత్‌లు ఉన్నాయో ఏ పూటకు ఆ పూట తెలిసింది. జేబులో పెద్ద మొత్తం పెట్టుకుని తిరిగే భయం తప్పింది. అయితే ఈ సౌకర్యానికి నేను చెల్లించిన అసలు ధర రుసుముల పట్టికలో ఎక్కడా కనిపించదు. అది డబ్బు వేసేటప్పటి రేటులో కొంత, మిగిలిన డబ్బు తిరిగి తీసుకునేటప్పటి రేటులో కొంత దాగి ఉంది. ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేసుకునే దాకా నాకు ఆ సంగతి తట్టలేదు.

కార్డు పొందడం కష్టం కాదు. పాన్ కార్డు, పాస్‌పోర్టు, టికెట్ల నకళ్ళు ఇచ్చి ఏ2 అనే ఫారం మీద సంతకం చేస్తే మూడో రోజున సీలు వేసిన కవరు చేతికి వచ్చింది. అందులో రెండు కార్డులు ఉన్నాయి, ఒకటి అసలుది, రెండోది పోతే వాడుకోవడానికి. రెండోదాన్ని మా శ్రీమతి తన సంచిలో పెట్టుకుంది. ఇలా రెండింటినీ రెండు చోట్ల ఉంచడం తప్పనిసరి అని నా అభిప్రాయం, ఎందుకంటే రెండూ ఒకే పర్సులో ఉంటే రెండో కార్డు ఇచ్చిన ప్రయోజనమే ఉండదు. ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా విదేశాలకు తీసుకుపోవచ్చు కాబట్టి మా వంటివారికి ఆ పరిమితితో పని పడదు. చాలామంది భయపడే టీసీఎస్, అంటే విదేశీ ఖర్చుకు డబ్బు తీసుకునేటప్పుడు ముందే పట్టుకునే పన్ను, కూడా మాకు తగల్లేదు. అప్పటికి సంవత్సరానికి ఏడు లక్షల రూపాయలు దాటితేనే పడేది. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దును పది లక్షలకు పెంచారు. యాత్రా సంస్థ వారి ప్యాకేజీ కొన్నవారికి మాత్రం ఆ రోజుల్లో మొదటి రూపాయి నుంచే ఐదు శాతం పడేది. అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటు అవుతుంది. కానీ ప్రయాణానికి ముందు చేతిలోంచి పోయే డబ్బు కాబట్టి బడ్జెట్‌లో చోటు ఇవ్వక తప్పదు.

కౌంటరులోని ఉద్యోగి నాకు ఇచ్చిన మొదటి సలహా డాలర్లు వేయించుకోమని. డాలరు ఎక్కడైనా చెల్లుతుంది కదా అన్నది ఆయన వాదన. నోట్ల విషయంలో అది నిజమే గానీ కార్డు విషయంలో నష్టదాయకం. కార్డులో డాలర్లు ఉండి దుకాణంవాడు బాత్‌లు అడిగితే, ఒక కరెన్సీ నుంచి మరో కరెన్సీకి మార్చినందుకు బ్యాంకు మళ్ళీ 3.5 శాతం కోసుకుంటుందని వారిచ్చిన పుస్తకంలోనే చిన్న అక్షరాలలో ఉంది. అంటే రూపాయలను డాలర్లు చేసినప్పుడు ఒకసారి, డాలర్లను బాత్‌లు చేసినప్పుడు ఇంకొకసారి నష్టపోతాం. ఆ పేజీ తీసి చూపించిన తరువాతే ఆయన బాత్‌లు వేయడానికి ఒప్పుకున్నారు. ఏ దేశానికి వెళ్తున్నామో ఆ దేశపు కరెన్సీ కార్డులో దొరికితే అదే వేయించుకోవాలి, దొరకకపోతే ఆ కార్డు వల్ల పెద్దగా లాభం లేదు.

ఆ రోజు బజారు రేటు బాత్‌కు 2.44 రూపాయల దగ్గర ఉంది. బ్యాంకు నాకు వేసిన రేటు 2.53. నేను 50,000 బాత్‌లు వేయించుకున్నాను కాబట్టి 1,26,500 రూపాయలు అయ్యాయి. కార్డు ఇచ్చినందుకు పన్నుతో కలిపి 354 రూపాయలు, కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ 204 రూపాయలు రసీదులో విడిగా చూపించారు. ఈ రెండూ చూసి, ఇంతేనా, చవకే కదా అనుకున్నాను. బాత్‌కు తొమ్మిది పైసల తేడా మాత్రం ఏ రసీదులోనూ లేదు, కానీ యాభై వేల బాత్‌ల మీద అది 4,500 రూపాయలు. ప్రకటనలో ‘విదేశీ లావాదేవీలపై అదనపు రుసుము లేదు’ అని రాసింది అబద్ధం కాదు. గీకినప్పుడు నిజంగానే లేదు, ఎందుకంటే ఆ రుసుము వేసేటప్పుడే వసూలయిపోయింది. సాధారణ క్రెడిట్ కార్డు మీద విదేశీ ఖర్చుకు 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 4.13 శాతం పడుతుంది. ఆ లెక్కన బాత్ 2.54 అవుతుంది. నా ఫారెక్స్ కార్డులో అన్నీ కలుపుకుంటే వచ్చిన ధర కూడా సరిగ్గా 2.54. ఇంత హడావిడి చేసి, శాఖ చుట్టూ మూడుసార్లు తిరిగి, నేను తిన్నది మా ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న క్రెడిట్ కార్డు కొట్టే దెబ్బతో సమానమైన దెబ్బే. ఇప్పుడు కొన్ని బ్యాంకులు విదేశీ ఖర్చు మీద ఆ 3.5 శాతం తీసుకోని కార్డులు ఇస్తున్నాయి. అటువంటిది మీ దగ్గర ఉంటే ఫారెక్స్ కార్డు అవసరం ఉన్నదో లేదో ఒకసారి ఆలోచించుకోవడం మంచిది.

కార్డుతో పాటు 500 డాలర్ల నోట్లు కూడా తీసుకుపోయాను, వంద డాలర్ల కాగితాలు ఐదు. హైదరాబాదులోని మనీ ఛేంజరు డాలరు 85.20 చొప్పున ఇచ్చాడు; 42,600 రూపాయలు, జీఎస్టీ 77 రూపాయలు. యాభై వేలు దాటితే రూపాయలు నగదుగా తీసుకోరు, బ్యాంకు ఖాతా నుంచే పంపాలి. మేము ఆ లోపే ఉన్నా ఖాతా నుంచే పంపాం. బాత్ నోట్లు కూడా ఉన్నాయని అతను అన్నాడు గానీ, చెప్పిన రేటు వినగానే వద్దన్నాను. హైదరాబాదులో బాత్‌లు కొనడం కన్నా డాలర్లు కొని బ్యాంకాక్‌లో మార్చుకోవడమే మేలని ఇదివరకు వెళ్ళివచ్చినవారు చెప్పిన మాట మా విషయంలో నిజమయింది.

బ్యాంకాక్‌లో సూపర్‌రిచ్ అనే పేరుతో నారింజ రంగు బోర్డుదొకటి, పచ్చ రంగు బోర్డుదొకటి, రెండు వేర్వేరు మార్పిడి సంస్థలు ఉన్నాయి. రాజదమ్రి వీధిలోని పచ్చ బోర్డు కౌంటరుకు వెళ్ళాం. గోడ మీది తెరలో వంద డాలర్ల నోటుకు ఒక రేటు, యాభైకి దానికన్నా కొంచెం తక్కువ, చిన్న నోట్లకు ఇంకా తక్కువ అని వరుసగా ఉన్నాయి. కాబట్టి డాలర్లు కొనేటప్పుడే వందల నోట్లు అడిగి తీసుకోవాలి. పాస్‌పోర్టు అడిగారు. కౌంటరులోని అమ్మాయి ఐదు నోట్లనూ ఒక్కొక్కటిగా వెలుతురుకు ఎత్తి చూసి, నాలుగింటిని పక్కన పెట్టి ఐదోదాన్ని అద్దం కింది సందులోంచి నా వైపు తోసింది. ఎందుకని అడిగితే మాట్లాడకుండా వేలి గోటితో మూల చూపించింది. బియ్యపు గింజంత నీలం సిరా గుర్తు. ఎవరో ఎప్పుడో కట్ట లెక్కపెడుతూ పెట్టినది. మన ఊళ్ళో గాంధీ బొమ్మ మీద కూడా లెక్కలు రాసుకునే అలవాటున్న మనకు ఇది వింతగా ఉంటుంది గానీ అక్కడ అది చెల్లలేదు. నాలుగు నోట్లకు డాలరుకు 34.30 చొప్పున 13,720 బాత్‌లు ఇచ్చింది. సిరా నోటును మరునాడు ఇంకొక కౌంటరులో 33.60కి మార్చుకుని 3,360 తెచ్చుకున్నాను. అన్నీ కలిపి చూస్తే నోట్ల దారిలో వచ్చిన బాత్ ధర 2.50, సిరా గుర్తు లేకపోయి ఉంటే 2.49 అయ్యేది. కార్డు కన్నా నాలుగైదు పైసలు చవక. ఆ తేడాను భద్రతకు ఇచ్చిన వెల అనుకుంటే నాకు పెద్ద అభ్యంతరం లేదు. యాభై వేల బాత్‌లూ నోట్లుగా నడుముకు కట్టుకుని సముద్రంలో దిగలేం కదా.

కార్డు ఉంటే నోట్లతో పని లేదనుకుని వెళ్ళేవారు మాత్రం థాయ్‌లాండ్‌లో రెండో రోజుకే ఇబ్బంది పడతారు. సువర్ణభూమి విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వెళ్ళే రైలు, స్కైట్రైన్ టికెట్లు, టుక్‌టుక్, రోడ్డు పక్క భోజనం, గుళ్ళ ప్రవేశ రుసుము, అన్నిటికీ మేము నోట్లే ఇచ్చాం. భూగర్భ మెట్రోలో మాత్రం గేటు మీద కార్డు ఆనిస్తే తలుపు తెరుచుకుంది. క్రాబిలో ఇది ఇంకా ఎక్కువ. ఆవ్ నాంగ్ తీరంలో, ‘రైలే’ అనే మరో తీరానికి వెళ్ళే పొడుగు తోక పడవల కౌంటరులో కూర్చున్న పెద్దావిడ ముందు ప్లాస్టిక్ బుట్ట ఒకటి ఉంది. మనిషికి వంద చొప్పున మేమిచ్చిన నోట్లను అందులో వేసి, టికెట్లు చించి ఇచ్చింది. దీవులు చూడడానికి జాతీయ ఉద్యానం వారు విదేశీయులలో పెద్దలకు 400, పిల్లలకు 200 బాత్‌లు తీసుకుంటారు, మేము అదీ నగదుగానే చెల్లించాం. కొబ్బరి బోండాల బండి మీద కూడా క్యూఆర్ అట్ట వేలాడుతూ ఉంటుంది, కానీ అది వారి దేశపు బ్యాంకు ఖాతాలకు సంబంధించినది. సింగపూరు, యూఏఈ, శ్రీలంక, నేపాల్ వంటి చోట్ల కొన్ని దుకాణాలలో మన యూపీఐ నడుస్తుంది గానీ మేము వెళ్ళినప్పుడు థాయ్‌లాండ్‌లో ఆ వసతి లేదు. మా అబ్బాయి అలవాటుగా ఫోను తీసి ఆ అట్టకు చూపించి, ఏమీ జరగకపోయేసరికి నా వైపు చూశాడు.

ఇక ఏటీఎం. విమానం దిగిన అలసటలో, చేతిలో ఒక్క బాత్ కూడా లేదన్న కంగారులో విమానాశ్రయంలోనే 2,000 బాత్‌లు తీశాను. విదేశీ కార్డు కాబట్టి అక్కడి బ్యాంకు 220 బాత్‌లు, నా బ్యాంకు 70 బాత్‌లు, మొత్తం 290 పట్టుకున్నారు. ఎంత తీసినా ఈ 290 మారదు. రెండు వేలకు అది పద్నాలుగున్నర శాతం. ఇరవై వేలు ఒకేసారి తీస్తే ఒకటిన్నర శాతం కన్నా తక్కువ. తీస్తే పెద్ద మొత్తమే తీయాలి, లేకపోతే అసలు ఏటీఎం జోలికే పోకూడదు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే ఇరవై డాలర్ల నోటు ఒకటి విడిగా పెట్టుకుని విమానాశ్రయంలో మార్చుకుని ఉంటే రేటు కొంత తగ్గినా ఈ 734 రూపాయలు మిగిలేవి. క్రాబిలో మరోసారి 8,000 తీయవలసి వచ్చింది, మళ్ళీ 290.

ఏటీఎం తెర మీదా, దుకాణాల్లో గీకే యంత్రం మీదా, బాత్‌లలో చెల్లిస్తారా రూపాయల్లోనా అని ఒక ప్రశ్న వస్తుంది. బ్యాంకాక్‌లో ఒక పెద్ద బట్టల దుకాణంలో బిల్లు 3,480 బాత్‌లు అయింది. అమ్మాయి కార్డు గీకి, యంత్రాన్ని తన వైపే ఉంచుకుని ఏదో మీట నొక్కబోతుంటే మా శ్రీమతి చెయ్యి అడ్డం పెట్టి యంత్రాన్ని ఇటు తిప్పమంది. తెర మీద పైన బాత్‌లు, కింద రూపాయల్లో 9,152 అని ఉంది. రూపాయల గడి మీదే ఆమె వేలు ఉంది. బాత్‌కు 2.63 పడిన లెక్క అది. రూపాయల్లో చూపించడం మనకు సుఖంగా అనిపించాలనే అలా పెట్టారు, కానీ ఆ మార్పిడి రేటు వేసేది దుకాణం తరఫు బ్యాంకు. పైగా నా కార్డులో ఉన్నవి బాత్‌లు. బిల్లు రూపాయల్లో వస్తే వాటిని మళ్ళీ రూపాయలుగా మార్చవలసి వచ్చి ఇంకొక రుసుము పడేది. రద్దు చేయించి బాత్‌లలోనే మళ్ళీ గీకించాం. ఆ తరువాత మిగిలిన రోజులన్నీ సంతకం పెట్టే ముందు చీటీ మీద థాయ్ కరెన్సీ గుర్తు ఉందో లేదో చూడడం మా అమ్మాయి పనిగా పెట్టుకుంది. ఏటీఎంలో అయితే ‘వితౌట్ కన్వర్షన్’ (మార్పిడి వద్దు) అన్న గడి నొక్కాలి.

కార్డు వల్ల కలిగిన అసలైన చికాకు హోటల్ డిపాజిట్‌తో వచ్చింది. క్రాబి హోటల్లో గది ఇచ్చేటప్పుడు 3,000 బాత్‌లు హామీగా నిలిపి ఉంచుతామని కార్డు అడిగారు. క్రెడిట్ కార్డు అయితే అరువు పరిమితిలో అంత తగ్గుతుంది, అంతే. ఇది మన సొంత డబ్బు నింపిన కార్డు కాబట్టి నిజంగానే 3,000 బాత్‌లు వాడుకోవడానికి లేకుండా పోయాయి. గది ఖాళీ చేసినప్పుడు విడుదల చేశామని హోటల్ వారు కాగితం ఇచ్చారు. కార్డులోకి తిరిగి వచ్చింది పదకొండు రోజుల తరువాత, మేము ఇల్లు చేరి పెట్టెలు సర్దేసిన తరువాత. ఇటువంటి హామీకి క్రెడిట్ కార్డు చూపించాలి, లేదా నగదు ఇచ్చి రసీదు తీసుకోవాలి.

ఆన్‌లైన్ చెల్లింపు సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. కార్డులో ఆ వసతి మొదట మూసి ఉంటుంది, యాప్‌లోకి వెళ్ళి మనమే తెరవాలి. నేను తెరిచాను గానీ ఇండియా సిమ్‌కు రోమింగ్ పెట్టించడం మరచిపోయాను. ఓటీపీ రాక దీవుల యాత్ర టికెట్లు ఆన్‌లైన్‌లో తీసుకోలేక కౌంటరులో నగదుకు కొన్నాం. రెండోసారి ఏటీఎంకు వెళ్ళవలసి వచ్చింది అందుకే. తప్పు నాదే.

రోజువారీ ఖర్చు అదుపులో ఉంచడానికి కార్డు యాప్ పనికొచ్చింది, కానీ సగమే. కార్డు మీద ఖర్చయినది వెంటనే కనిపిస్తుంది. చేతి నోట్ల లెక్క దానికి తెలియదు. మా శ్రీమతి చీటీల పుస్తకం ఒకటి పెట్టుకుని ప్రతి ఉదయం 3,500 బాత్‌లు పర్సులోకి తీసి, రాత్రి మిగిలినది ఎంతో రాసేది. గీకే ఖర్చు వేరు, నోట్ల ఖర్చు వేరు అని రెండు గీతల కింద రాసిన ఆ పుస్తకం లేకపోతే ఈ సమీక్షలోని అంకెలు సగం ఉండేవి కావు. పిల్లలు మూడో రోజుకల్లా బాత్‌ను రెండున్నరతో గుణించడం నేర్చుకుని, మామిడిపండు అన్నం పళ్ళెం వెల మన రూపాయల్లో ఎంతో మాకన్నా ముందే చెప్పసాగారు.

తిరిగి వచ్చాక కార్డులో హోటల్ డిపాజిట్‌తో కలిపి 6,240 బాత్‌లు మిగిలాయి. వాడని విదేశీ మారకాన్ని తిరిగి వచ్చిన 180 రోజుల లోపు బ్యాంకుకు అప్పగించాలన్నది నిబంధన. 2,000 డాలర్ల విలువ దాకా తరువాతి ప్రయాణానికి ఉంచుకోవచ్చు. మాకు ఇప్పట్లో మళ్ళీ వెళ్ళే ఆలోచన లేదు కాబట్టి వెనక్కి ఇచ్చేద్దామని శాఖకు వెళ్ళాను. కార్డు ఇచ్చినంత చురుకుగా డబ్బు తిరిగి ఇచ్చే పద్ధతి లేదు. మొదటిసారి ఆ పని చూసే ఉద్యోగి సెలవులో ఉన్నారు. రెండోసారి ఫారం ఇచ్చి, మరునాటి రేటు వర్తిస్తుందన్నారు. మూడోసారి వెళ్తే పాన్ నకలు మళ్ళీ కావాలన్నారు. కార్డు తీసుకునేటప్పుడు ఇచ్చిన నకలు ఏమయిందని అడిగితే అది వేరే ఫైలు అన్నారు. చివరికి బాత్‌కు 2.31 చొప్పున 14,414 రూపాయలు, అందులోంచి 45 రూపాయల జీఎస్టీ పోను, ఖాతాలో పడ్డాయి. 2.53కి కొన్నదాన్ని 2.31కి అమ్మినట్టయింది. ఒక్క ఈ తేడాయే 1,373 రూపాయలు.

బజారు రేటును ప్రమాణంగా పెట్టుకుని వేసేటప్పటి తేడా, కార్డు రుసుము, జీఎస్టీలు, రెండు ఏటీఎం దెబ్బలు, వెనక్కి ఇచ్చేటప్పటి తేడా కూడితే ఈ కార్డు వాడినందుకు మాకు ఏడు వేల రూపాయల పైచిలుకు అయింది. వేసిన లక్షా ఇరవై ఆరు వేల మీద దాదాపు ఆరు శాతం. అందులో కనీసం సగం నేను తెలివిగా వాడితే తప్పేది. అందువల్ల కార్డుకు ఐదింటికి మూడు మార్కులు, వెనక్కి ఇచ్చే సేవకు ఒకటి ఇస్తున్నాను. కచ్చితంగా గీకుతామని తెలిసిన హోటల్ బిల్లు, పెద్ద దుకాణాల కొనుగోళ్ళు లెక్కగట్టి అంతవరకే వేయించుకునేవారికీ, క్రెడిట్ కార్డు లేనివారికీ, విడిగా ప్రయాణించే పిల్లల చేతికి హద్దు పెట్టి డబ్బు ఇవ్వాలనుకునే తల్లిదండ్రులకూ ఇది పనికొస్తుంది. ఎందుకైనా మంచిదని ఎక్కువ నింపుకుపోయేవారికి మాత్రం ఆ ‘ఎందుకైనా’ మీదే రెండు వైపులా రుసుము పడుతుంది.

వచ్చే నెల మా బావమరిది కుటుంబంతో బ్యాంకాక్ వెళ్తున్నాడు. ముప్పై వేల బాత్‌లు కార్డులో వేయించుకుందామనుకుంటున్నానని చెప్పి ఈ మధ్య సలహా అడిగాడు. హోటల్ బిల్లు ఎంత అని అడిగితే పద్నాలుగు వేలు అన్నాడు. పదిహేను వేలు వేయించుకో, మిగిలినదానికి మచ్చ లేని వంద డాలర్ల నోట్లు తెచ్చుకో, మనీ ఛేంజరు దగ్గర ప్రతి నోటూ వెలుతురుకు ఎత్తి చూశాకే డబ్బు పంపు అని చెప్పాను.